నొక్కితే నొప్పెట్టే చోటు

క్యాంప్ 1, భిలాయి,
11-2-1996.

చిరంజీవి మణిమాలకు,

మీ అప్ప సత్యవాణి ఆశీర్వదించి రాసేది. ఇక్కడ మేమంతా క్షేమం. విజయనగరంలో నాన్నా నువ్వూ క్షేమమని తలుస్తాను.

మా అమ్మాయి శ్రీలక్ష్మికి ఏడేళ్లు నిండాయి గానీ తెలుగు మాత్రం ఇంకా పాకుతోంది. పలక ముందు కూర్చోబెడితే మూడక్షరాలు రాసి "మమ్మీ, బస్ కరో" అని లేచిపోతుంది. నిన్ను పిన్ని అనమంటే మౌసీ అంటుంది. మీ బావకు స్టీలు ప్లాంటు రైలు పట్టాల మిల్లులో ఈ వారం ఫస్ట్ షిఫ్టు. జోగమ్మత్తకు మోకాళ్లు పట్టేశాయి, నోరు మాత్రం పట్టెయ్యలేదు.

మా వీధి కుళాయిలు ఎండిపోయి నెల దాటింది. సెక్టర్ 7లో క్వార్టరు వస్తుందని రెండేళ్లుగా వింటున్నాను. ఆ క్వార్టరు వచ్చేదాకా సందు చివరి బోరింగే దిక్కు. రోజుకు పద్నాలుగు బిందెలు. దాని పిడి ఎంత బిగుసుకుపోయిందంటే, దించడానికి నా ఒళ్లంతా దాని మీద వేలాడదీయాలి. వెనక నిలబడ్డవాళ్లు "దీదీ, జల్దీ కరో" అని ఒకటే గోల. నేనేదో సరదాకి ఊయల ఊగుతున్నట్టు!

ఇప్పుడు అసలు మాట. పైన క్షేమమని రాసింది అలవాటుకొద్దీ రాసింది. నేను క్షేమంగా లేను.

మూడు వారాలుగా రొమ్ము ఎముకకు ఎడమ పక్కన నొప్పి. మొదట కలుక్కుమందనుకున్నాను. అమృతాంజనం రాశాను, ఉప్పు మూట కాపడం పెట్టాను. పోయిన సోమవారం స్నానం చేస్తుంటే వేలికి తగిలింది. చింతగింజంత గట్టిగా, ఉబ్బుగా ఉంది. ఎడమ పక్కే, మణీ. అమ్మకూ ఎడమ పక్కే కదా.

అమ్మ దగ్గర ఆ ఆఖరి ఏడాది నువ్వున్నావు. నేను కడుపుతో ఇక్కడ ఉండిపోయాను. అందుకే నిన్నడుగుతున్నాను. అమ్మకు మొదట వచ్చింది నొప్పా, గడ్డా? నొక్కితే ఎలా ఉండేది? దాచకుండా రాయి. నాన్నకు చెప్పకు. మీ బావకు కూడా నేను చెప్పలేదు. ఫోన్ చేద్దామంటే ఎస్టీడీ బూతులో నలుగురి మధ్య నిలబడి ఈ మాటలు ఎలా అంటాను?

మీ అప్ప,
సత్యవాణి.


విజయనగరం,
20-2-1996.

అప్పా,

నీ ఉత్తరం బడిలో చదివాను. చదివాక ఏడో తరగతి పిల్లలకు ఏం చెప్పానో నాకే గుర్తులేదు. ఎక్కాలు చెప్పమంటే వాళ్లు చెప్పుకుంటూ పోయారు, నేను ఆపలేదు.

దాచకుండా రాయమన్నావు, రాస్తున్నాను. అమ్మ గడ్డకు నొప్పి లేదు. నొక్కినా లేదు. నొప్పి లేదు కాబట్టే ఏడాదిపాటు ఎవరికీ చెప్పకుండా తిరిగింది. నేను నీళ్లు పోస్తూ చూసి అడిగితే "ఏటీ నేదే, నొప్పా ఏటా" అంది. నొప్పంతా ఆఖరి రెండు నెలల్లోనే. నీకు మొదటి రోజు నుంచీ నొప్పి ఉంది కదా, ఇది వేరేదే అయుంటుంది. అయినా నా మాట విని కూర్చోకు. నేను లెక్కల టీచర్ని, డాక్టర్ని కాను. మీకు ప్లాంటు ఆసుపత్రి ఉంది, లేడీ డాక్టర్లు ఉంటారు. వెళ్లి చూపించుకో. బావకు చెప్పు. బావ నిన్నేమీ కొరుక్కుతినడు.

ఇంకో మాట. ఈ సమయంలో చెప్పాలో వద్దో తెలియడం లేదు గానీ చెప్పకపోతే నువ్వే తిడతావు. నాన్న మా పెళ్లికి ఒప్పుకున్నాడు! ఏడాది మొహం ముడుచుకున్న మనిషి మొన్న ఆదివారం తనంతట తానే స్టేషనుకు వెళ్లి, బుకింగ్ కిటికీ దగ్గర నిలబడి, టికెట్లిస్తున్న శ్యామసుందర్‌ని చూసి వచ్చాడు. వచ్చి "కుర్రోడు సిల్లర సక్కగా లెక్కెట్టి ఇత్తన్నాడు" అన్నాడు. మన నాన్న చిట్టిబాబుగారి నోట అంతకంటే పొగడ్త రాదు కదా! శ్యామసుందర్ వాళ్లమ్మ ఆదివారం చర్చికి వెళ్తుంది, వాళ్ల నాన్న శనివారం ఆంజనేయస్వామి గుడికి వెళ్తాడు. ముప్పై ఏళ్లుగా ఒకే రైల్వే క్వార్టర్లో ఉంటున్నారు, కొట్టుకున్నది లేదు. ఏప్రిల్లో మాటలు అనుకుంటున్నారు. అమ్మ చోట నువ్వే కూర్చోవాలి. అందుకైనా తొందరగా డాక్టరు దగ్గరకు వెళ్లు.

మణి.


క్యాంప్ 1, భిలాయి,
1-3-1996.

మణీ,

శ్యామసుందర్ సంగతి చదివి సంతోషించాను. నిజంగానే సంతోషించాను. ఆ తర్వాత నేను రాసేది చదివి నువ్వు ఆ మాట నమ్మవు.

అమ్మకు నొప్పి లేదని రాశావు. నేను నమ్మలేదు. కోపగించుకోకు. అప్పట్లో నెలకు రెండు ఉత్తరాలు రాసేదానివి గుర్తుందా? "అమ్మకు వాపు తగ్గుతోంది, డాక్టరమ్మ భయం లేదంది" అని గుండ్రటి అక్షరాలతో రాసేదానివి. ఆఖరి ఉత్తరం నాకు అందిన మర్నాడే టెలిగ్రాం అందింది. పదహారేళ్ల పిల్లవి, అమ్మ చెప్పింది రాశావు. తప్పు నీది కాదు. కానీ అప్పట్నించి నీ చేతి రాతలో మంచి మాట కనబడితే నా ఒళ్లు జలదరిస్తుంది.

నొప్పి పెరిగింది. గట్టిగా ఊపిరి తీస్తే పొడుస్తోంది. తుమ్ము వస్తే చేత్తో రొమ్ము అదిమి పట్టుకుంటున్నాను. ఎడమ పక్కకు తిరిగి పడుకోలేను. బోరింగు దగ్గర నాలుగో బిందెకే చెయ్యి లాగేస్తోంది. జోగమ్మత్త చూసి "ఏటే కోడలా, బిందె పట్టుకోని అలాగ నిలబడిపోనావు? ఒంట్లో బాగోనేదేటి?" అంది. ఎండ దెబ్బన్నాను. ఫిబ్రవరిలో ఎండేమిటని ఆవిడా అడగలేదు, నేనూ చెప్పలేదు.

ఆసుపత్రికి వెళ్లను. అమ్మను కోశారు, కోసిన మూడు నెలలకే పోయింది. కత్తి తగిలితే అది ఒళ్లంతా పాకుతుందంటారు. ముట్టుకోకపోతే ఇంకో ఏడాది ఉంటానేమో. ఆ ఏడాది నాకు కావాలి.

ఎందుకో చెప్తాను. ఈ మాట రాయడానికి నాలుగు రోజులు పట్టింది. శ్రీలక్ష్మికి ఏడేళ్లు. నేను పోతే ఈ ఇంట్లో ఆరు నెలలు కూడా ఆగరు. జోగమ్మత్తకు నందిని గనుల్లో పనిచేసే తమ్ముడున్నాడు, అతనికి పెళ్లికావలసిన కూతురుంది. ఆ పిల్ల పోయినేడు మా ఇంటికి వచ్చినప్పుడు, గ్లాసు పగలగొట్టిందని శ్రీలక్ష్మిని వీపు మీద ఒక్కటిచ్చింది. ఆ చేతి కింద నా బిడ్డ పెరగడం నేను తలుచుకోలేను.

మనవాళ్లలో ఉన్నదే కదా మణీ. పెద్దత్త పోతే చిన్నత్తనే ఇచ్చారు. పిల్లలకు పరాయి మనిషి రాలేదు. మీ బావ తాగడు, చెయ్యెత్తడు. నీకు తెలుసు. శ్యామసుందర్‌కు మాట ఇవ్వకు. ఒక్క ఏడాది ఆగు. నేను బతికితే నీ కాళ్లు కడిగి నా చేత్తో పెళ్లి చేస్తాను. బతకకపోతే నా బిడ్డను నువ్వు తీసుకో.

సిగ్గు విడిచి అడుగుతున్నాను. నాకు ఇంకెవరున్నారు?

అప్ప.


విజయనగరం,
10-3-1996.

అప్పా,

పది రోజుల నాటి నీ ఉత్తరానికి ఒక్క గంటలో జవాబు రాస్తున్నాను. చల్లారాక రాస్తే మంచిదే. కానీ చల్లారనివ్వదలచుకోలేదు.

నువ్వింకా డాక్టరు మొహం చూడలేదు. నీకేమైందో నీకు తెలియదు. అప్పుడే నీ దినం పెట్టేసి, నీ మొగుణ్ణి నాకు కట్టేసి, నీ పిల్లను నా చంకనెక్కించేశావు. ఆలు లేదు చూలు లేదు అంటారే, అంతకంటే అన్యాయంగా ఉంది ఇది. బావ అంటే నాకు అన్నయ్య లెక్క. ఆయన ముఖం ఇకమీద ఎలా చూడను?

చిన్నత్త పేరెత్తావు. చిన్నత్త నవ్వగా నువ్వెప్పుడైనా చూశావా? నేను చూడలేదు. పెద్దత్త చీరలే కట్టించారు ఆవిడకు, గుర్తుందా?

శ్యామసుందర్ కోసం నాన్నతో ఏడాది మాటల్లేకుండా బతికాను. ఒకే ఇంట్లో, రోజూ ఆయన కంచంలో అన్నం వడ్డిస్తూ. అది నీకు తెలుసు. తెలిసీ అడిగావు.

నేను రాసింది నమ్మలేదన్నావు. అమ్మ చెప్తే రాశాను, నిజమే. కానీ ఆ గదిలో అమ్మ వాసన మధ్య పడుకున్నది నేను. గుడ్డలు ఉతికింది నేను. నువ్వు లేవు. లేని మనిషివి, ఉన్నదాన్ని పట్టుకుని అబద్ధమంటున్నావు.

నేను ఒప్పుకోను. ముందు ఆసుపత్రికి వెళ్లు. వెళ్లి వచ్చి ఉత్తరం రాయి. ఏమొచ్చినా సెలవు పెట్టి వచ్చి నీ పక్కన ఉంటాను. దానికి నీ మొగుణ్ణి చేసుకోనక్కర్లేదు.

మణిమాల.


విజయనగరం,
2-4-1996.

అప్పా,

మూడు వారాలైంది. నీ దగ్గర నుంచి ముక్క లేదు. పోస్ట్‌మాన్ నన్ను చూసి ఇప్పుడు దూరం నుంచే చెయ్యి ఊపేస్తున్నాడు.

మొదటి వారం అలిగావనుకున్నాను. రెండో వారం చెయ్యి లేవక రాయలేదనుకున్నాను. మూడో వారం ఏమనుకున్నానో రాయలేను. "నువ్వు లేవు" అన్నాను నేను. ఎనిమిదో నెల కడుపుతో నువ్వు ఆ టెలిగ్రాం పట్టుకుని ఎలా ఏడ్చావో బావ ఒకసారి నాన్నకు చెప్తుంటే విన్నాను. విని కూడా ఆ మాట అన్నాను. ఆ మాట నా చేత రాయించింది కోపమే అప్పా, నేను కాదు.

నువ్వడిగింది ఒప్పుకుంటున్నాను.

మొన్న బడి అయ్యాక స్టేషనుకు వెళ్లాను. ఇంకెక్కడ మాట్లాడాలో తెలియక టికెట్ల క్యూలోనే నిలబడ్డాను. నా వంతు వచ్చింది. శ్యామసుందర్ తలెత్తి, నన్ను చూసి, నవ్వుతూ "ఎక్కడికండీ?" అన్నాడు. మా అప్పకు బాగోలేదు, నేను భిలాయి వెళ్లిపోతాను, నాకోసం చూడొద్దు అన్నాను. "ఎన్నాళ్లకు?" అన్నాడు. తిరిగి రానన్నాను. కారణం అడిగాడు. చెప్పలేదు. చెబితే బావ పరువు పోతుంది, నీ పరువు పోతుంది. వెనక ఉన్నవాళ్లు తొందరపెట్టారు. పక్కకు జరిగాను. నా తర్వాతి మనిషికి పార్వతీపురం టికెట్టు ఇస్తున్నాడు, చిల్లర రెండుసార్లు తప్పు లెక్కపెట్టాడు.

నాన్నకు ఇంకా చెప్పలేదు. పరీక్ష పేపర్లు దిద్దడం అయిపోగానే మే అయిదున రాయపూర్ పాసెంజరుకు బయల్దేరతాను. బడిలో రాజీనామా ఇచ్చేశాను. శ్రీలక్ష్మికి అన్నం కలిపి పెట్టడం, జడ వేయడం నాకు వచ్చు. మిగతావి నేర్చుకుంటాను.

నువ్వు బతికే ఉన్నావని మాత్రం ఒక్క ముక్క రాయి.

మణి.


క్యాంప్ 1, భిలాయి,
12-4-1996.

నా బంగారు మణికి,

రాజీనామా వెనక్కి తీసుకో. స్టేషనుకు వెళ్లు. ఈ రెండూ చేశాకే మిగతా ఉత్తరం చదువు.

నీ మార్చి ఉత్తరానికి జవాబు నాలుగుసార్లు రాశాను, నాలుగుసార్లూ చింపేశాను. నువ్వన్నది నిజం. నేను లేను. ఆ మాట పట్టుకునే మంచం ఎక్కాను. నా మూతి ముడుపుకు నీ బతుకు మూల్యమవుతుందని నాకేం తెలుసు?

సోమవారం మధ్యాహ్నం నేను బోరింగు దగ్గరున్నాను. నీ ఉత్తరం వచ్చింది. మీ బావకు ఆఫ్. నీ నిశ్చితార్థం తేదీ రాశావనుకుని విప్పాడు. నేను బిందెతో గుమ్మంలోకి వచ్చేసరికి ఆ కాగితం పట్టుకుని పీట మీద కూర్చుని ఉన్నాడు. పదకొండేళ్లలో ఆ మనిషి ముఖం అలా చూడలేదు. "నన్నేటనుకున్నావే? సంతలో ఎద్దునేటి, ఈ కొట్టంలోంచి ఆ కొట్టంలోకి తోలీడానికి? నొప్పని నాకు సెప్పనేదు. సచ్చిపోతానని దానికి సెప్పినావు. నానెవుణ్ణి నీకు?" అన్నాడు. అని ఏడ్చాడు, మణీ. మిల్లులో ఎర్రగా కాలిన రైలు పట్టాల పక్కన నిలబడే మనిషి, పీట మీద కూర్చుని చిన్నపిల్లాడిలా ఏడ్చాడు. జోగమ్మత్త వంటింట్లోంచి వచ్చి ఏమైందని అడిగే ధైర్యం కూడా చేయలేదు.

మర్నాడు పొద్దున్నే సైకిలు వెనక కూర్చోబెట్టి ఆసుపత్రికి తీసుకెళ్లాడు. లేడీ డాక్టరే. జాకెట్టు విప్పడానికి పావుగంట ఏడ్చాను. ఆవిడ విసుక్కోలేదు. అమ్మ సంగతి చెప్పాను. అంతా రాసుకుంది. ముందు గుండె చూసింది, ఈసీజీ తీయించింది, ఎక్స్‌రే తీయించింది. రెండు రొమ్ములూ, చంకలూ తడిమి తడిమి చూసింది. ఆ తర్వాత రొమ్ము ఎముక పక్కన పైనుంచి కిందికి బొటనవేలితో ఒక్కో పక్కటెముకనూ నొక్కుకుంటూ వచ్చింది. మూడో ఎముక దగ్గర నేను బల్ల మీంచి లేచి ఆవిడ చెయ్యి పట్టేసుకున్నాను. "ఇదే కదా నీ నొప్పి?" అంది. ఇదేనన్నాను. చెయ్యి పైకెత్తమంది, ఊపిరి గట్టిగా తీయమంది. అన్నిటికీ అక్కడే పొడిచింది.

అప్పుడు రొమ్మును పక్కకు జరిపి, నా వేలు నాకే ఆ గడ్డ మీద పెట్టించింది. రొమ్ము జరిగింది గానీ గడ్డ జరగలేదు. అది ఎముకను పట్టుకుని ఉంది. "ఇది రొమ్ములో గడ్డ కాదు, పక్కటెముక వాపు" అంది. పక్కటెముక చివరిదాకా గట్టి ఎముకే అనుకుంటాం. కాదట. ముందు వైపు రొమ్ము ఎముకకు అతుక్కునే చోట మెత్తటి ఎముక ఉంటుందట. చెవి పైభాగం వంచితే వంగుతుందే, అలాంటిది. మీ బడి సైన్సు పుస్తకంలో మృదులాస్థి అని ఉంటుందే, అదే. అది వాచిందట. ఊపిరి తీసిన ప్రతిసారీ ఆ కీలు కదులుతుంది కాబట్టి దానికి విశ్రాంతి దొరకదు. ఎందుకు వస్తుందో చాలామందిలో తెలియదంది. నా చేతులు చూసి, ఏం పని చేస్తావని అడిగింది. పద్నాలుగు బిందెల సంగతి చెప్పాను. "ఇంకేం కావాలి?" అని నవ్వింది.

నొప్పి ఉంటే అది కాదనీ, లేకపోతే అదేననీ ఎవరికి వారే తేల్చుకోకూడదంది. రొమ్ములో నొప్పొచ్చినా, గడ్డ తగిలినా ముందు చూపించుకోవాలంది. కత్తి తగిలితే పాకుతుందన్న మాటకు మాత్రం కోప్పడింది. ఆలస్యం వల్లే చాలామంది పోతున్నారంది. అమ్మ ఏడాది దాచింది కదా.

అన్నం తిన్నాక వేసుకోమని మాత్రలు ఇచ్చింది. కాపడం పెట్టుకోమంది, బోరింగు ముట్టొద్దంది. వాపు తగ్గుతోంది. డాక్టరమ్మ భయం లేదంది.

నేను బతుకుతాను మణీ. స్టేషనుకు వెళ్లు.

మీ అప్ప.


విజయనగరం,
20-4-1996.

అప్పా,

"వాపు తగ్గుతోంది. డాక్టరమ్మ భయం లేదంది."

ఈ రెండు వాక్యాలు నేనెక్కడ చదివానో నీకు గుర్తులేదా? చదవలేదు, రాశాను. ఎనిమిదేళ్ల కిందట, అమ్మ మంచం పక్కన కూర్చుని. కళ్లు మూసుకునే చెప్పేది అమ్మ. "రాయే, వాపు తగ్గతంది, డాక్టరమ్మ బయం నేదంది అని రాయి. కడుపుతోటున్న పిల్ల, దానికి తెలీకూడదు." నేను రాసేదాన్ని. ఇప్పుడు నువ్వు నాకు అవే మాటలు రాస్తున్నావు.

నీ తెలివి నాకు తెలుసు. నేను శ్యామసుందర్‌ని వదిలేశానని చదివి, నీ మనసు ఒప్పుకోలేదు. నన్ను వెనక్కి పంపడానికి చెవి ఎముకా, బొటనవేలూ అంటూ కథ అల్లావు. మృదులాస్థి అన్న మాట ఎక్కడ వెతికి పట్టుకున్నావు అప్పా? నువ్వు చదివింది అయిదో తరగతే కదా.

నీమీద కోపం లేదు. అమ్మ కూడా ప్రేమతోనే అబద్ధం చెప్పించింది. కానీ ఆ ప్రేమ వల్ల నువ్వు అమ్మను చూడలేదు. నీ విషయంలో నేను అలా మోసపోదలచుకోలేదు. బావతో రాయించినా నమ్మను, నువ్వు చెప్పమన్నదే రాస్తాడు. మే అయిదున బయల్దేరుతున్నాను. ఆరో తారీఖున భిలాయి పవర్‌హౌస్‌లో దిగుతాను. స్టేషనుకు ఎవరూ రానక్కర్లేదు.

శ్యామసుందర్‌ని మళ్లీ చూడలేదు. వారం నుంచి ఆ కిటికీలో ఇంకో మనిషి కూర్చుంటున్నాడట. సెలవు పెట్టాడో, బదిలీ చేయించుకున్నాడో. నాన్నకు చెప్పాను. "సర్లే" అన్నాడు. అప్పట్నించి నాతో మళ్లీ మాటల్లేవు.

నొప్పి భరించు అప్పా. నేను వస్తున్నాను.

మణి.


క్యాంప్ 1, భిలాయి,
30-4-1996.

మణీ,

ఈసారి క్షేమమని మొదలుపెట్టడం లేదు. నొప్పి ఇంకా ఉంది. పొద్దున తుమ్మితే కళ్లలో నీళ్లు తిరిగాయి. గడ్డ సగమైంది గానీ పూర్తిగా పోలేదు. వారాలు పట్టొచ్చు, నెలలు పట్టొచ్చు, పోయి మళ్లీ రావచ్చు కూడా అంది డాక్టరమ్మ. అబద్ధం రాసేదాన్నయితే నొప్పి చేత్తో తీసేసినట్టు పోయిందని రాసేదాన్ని కదా! అమ్మ ఉత్తరాల్లో ఎప్పుడైనా తుమ్ము నొప్పి గురించి ఉందా?

మృదులాస్థి అన్న మాట నాదే అనుకుంటున్నావు. డాక్టరమ్మ హిందీలో ఏదో అంది. మీ బావ మా సందులో ఉండే గురుమూర్తి మాస్టారిని అడిగి తెలుగులో చెప్పించుకున్నాడు. అయిదో తరగతి అని దెప్పావు కాబట్టి చెప్తున్నాను.

నీ ఉత్తరం చదివి రెండు రోజులు పిచ్చిదానిలా తిరిగాను. చావు మాట రాస్తే నమ్మావు, బతుకు మాట రాస్తే నమ్మలేదు. నేనూ అంతే చేశాను కదా. నొప్పి లేని గడ్డ అమ్మదని నువ్వు ఫిబ్రవరిలోనే నిజం రాస్తే, నేను నమ్మలేదు. మన ఇంట్లో ఉత్తరాలకు ఆ జబ్బు అమ్మే అంటించిపోయింది.

మొన్న ఆదివారం ఏమైందో విను.

ఇప్పుడు బోరింగు కొట్టేది మీ బావ. మిల్లు నుంచి వచ్చి, ఆ ఖాకీ బట్టల్లోనే బిందెలు పట్టుకుని వెళ్తాడు. సందులో ఆడవాళ్లకు అది పండగ. "భయ్యా ఆ గయే, హటో హటో" అని దారిస్తారు. జోగమ్మత్తకు మొదట తలకొట్టేసినట్టయింది. ఇప్పుడు అరుగు మీద కూర్చుని "అలాగ కాదురా నూకరాజూ, పిడి సివర పట్టుకో" అని పాఠం చెప్తోంది. ఆదివారం ఆయన అలా కొడుతుంటే, చేతిలో సంచితో ఒక మనిషి వచ్చి తెలుగులో సత్యవాణిగారి ఇల్లెక్కడని అడిగాడట. ఆ మనిషి సంచి కింద పెట్టి రెండో బిందె తను పట్టుకున్నాడట. ఇద్దరూ చెరో బిందెతో ఇంట్లోకి వచ్చారు. సంచిలో భీమాళి మామిడితాండ్ర. మనిషి శ్యామసుందర్.

"మీకు బాగోలేదని మాత్రం చెప్పిందండి. ఇంకేమీ చెప్పలేదు. సెలవు పెట్టాను, రైల్వే పాస్ చేతికొచ్చేసరికి ఇన్నాళ్లయింది. చూసి వెళ్లిపోతాను" అన్నాడు. అంతే. నా తమ్ముడు నన్నడిగినా ఇంత మర్యాదగా అడగడు. నాకు తమ్ముడు లేడనుకో.

నేను చెప్పేశాను మణీ. అంతా చెప్పాను. నిన్నేం అడిగానో, ఎందుకు అడిగానో, మీ బావ ఎదురుగానే చెప్పాను. అమ్మ పోయిన టెలిగ్రాం చదివిన రోజు కూడా నేను అంత చితికిపోలేదు. మీ బావ తల వంచుకుని కూర్చున్నాడు. శ్రీలక్ష్మి తాండ్ర ముక్క అడిగితే శ్యామసుందర్ తుంచి ఇచ్చాడు. ఆ తర్వాత "మీరు అడిగింది పిల్లకోసం, తను ఒప్పుకుంది అప్పకోసం. నాకోసం ఎవరూ ఏమీ అడగలేదా అండి?" అన్నాడు. నవ్వుతూనే అన్నాడు. ఆ నవ్వు చూసి నేను లోపలికి వెళ్లి ఏడ్చాను.

నిన్న మళ్లీ చూపించుకోవలసిన రోజు. నేను పిలవకుండానే మాతో ఆసుపత్రికి వచ్చాడు. తలుపు బయట బెంచీ మీద కూర్చున్నాడు. నన్ను చూడటం అయ్యాక తనే లోపలికి వచ్చి డాక్టరమ్మను అడిగాడు. ఆవిడ నన్ను చూసింది, చెప్పొచ్చా అన్నట్టు. చెప్పమన్నాను. గోడ మీద ఎముకల బొమ్మ ఉంది, దాని మీద వేలు పెట్టి చూపించింది. నువ్వు అడిగేవన్నీ అతనే అడిగాడు. రొమ్ములో ఏమీ లేదా? లేదు. మళ్లీ వస్తే? మళ్లీ రండి. వాళ్లమ్మకు వచ్చింది కాబట్టి ఏటేటా చూపించుకోవాలా? చూపించుకోవాలి, చెల్లెలు కూడా చూపించుకోవాలి. ఆ ఆఖరి మాట కాగితం మీద రాయించుకుని జేబులో పెట్టుకున్నాడు. ఎక్స్‌రే కవరు కూడా ఇచ్చి పంపుతున్నాను. ఎండకు పట్టి చూసుకో. అది నేనే. నా పక్కటెముకలు నేనే మొదటిసారి చూశాను.

మణీ, ఆ డాక్టరమ్మ బొటనవేలు పెట్టిన చోట నాకు ప్రాణం పోయినంత పనైంది. కానీ ఆ నొక్కడం వల్లే నిజం తేలింది. నేను నిన్ను నొక్కిన చోటు వేరు. నీకు ఎక్కడ నొప్పెడుతుందో తెలిసి, వెతికి, అక్కడే నొక్కాను. నన్ను తిట్టు. నీ పెళ్లి పీటల మీద కూర్చుని తిట్టు, నాకిష్టమే. అమ్మ చోట కూర్చోమన్నావు కదా ఫిబ్రవరిలో, ఆ మాట ఇంకా ఉందా?

ఈ ఉత్తరం పోస్టులో వేయడం లేదు. పోస్టులో వచ్చిన మంచి మాటను మనం నమ్మం. ఇది నీ చేతికి ఇచ్చిన మనిషి, నువ్వు చివరిదాకా చదివేవరకు గుమ్మం బయటే నిలబడతానని నాకు మాటిచ్చాడు. నాన్న పిలిచినా లోపలికి రానన్నాడు. వీధిలో మే నెల ఎండ. వెళ్లి తలుపు తియ్యి.

మీ అప్ప,
సత్యవాణి.